పున్నమిని ఎవరు చెరిపారు?

ఆ నెలలో బొమ్మలాయనకి లోకం మొత్తానికీ తిక్క పుట్టినట్టు తోచింది. తప్పు లోకానిదేనని ఆయన గట్టి నమ్మకం. ముప్ఫై ఏళ్ళుగా కుంచె పట్టి బతికిన మనిషి తప్పు తనలో ఎందుకు వెతుక్కుంటాడు? మీరైతే వెతుక్కుంటారా? నేనైతే చచ్చినా వెతుక్కోను.

ముందు గుమ్మంతో మొదలైంది. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని దాటిన వంటింటి గుమ్మం ఉన్నట్టుండి ఎడమ భుజాన్ని గుద్దడం మొదలుపెట్టింది. "ఈ గుమ్మాన్ని ఎవరు జరిపారు?" అని కేకేశాడు. "జరపడానికి అదేమన్నా కుర్చీనా? చూసుకుని నడవండి," అంది భార్య. తర్వాత పళ్ళెం. ఏం వడ్డించినా సగం అలాగే మిగిలిపోతోంది. "సగమే పెట్టి, పైగా వదిలేశానని దెప్పుతావేం?" అని ఈయన. "కళ్ళెదుట పెట్టుకుని పెట్టలేదంటారేం?" అని ఆవిడ. ఆ తర్వాత గడ్డం. ఓ పొద్దున శుభ్రంగా గీసుకుని, అద్దంలో చూసుకుని, తృప్తిపడి వీధిలోకి వెళ్తే, టీ కొట్టు దగ్గర అందరూ మొహాలు తిప్పుకుని నవ్వారు. ఎందుకని అడిగితే పరువు పోతుందని అడగలేదు. కుడి చెంప నున్నగా, ఎడమ చెంప ముళ్ళపొదలా ఉందని ఇంటికొచ్చాక భార్య చెప్పింది. చెప్పినా నమ్మలేదు.

ఇవన్నీ చిల్లర గొడవలు. అసలు గొడవ చంద్రుడితో వచ్చింది.

ఆ ఊళ్ళో ఓ నక్షత్రశాల ఉంది. గుండ్రటి కప్పు కింద చీకటి చేసి, పట్టపగలే చుక్కలు చూపిస్తారు. ఆ చీకట్లో నిలబడి ఏ చుక్క ఏదో చెప్పే మనిషి బొమ్మలాయనకి సొంత బావ, అక్క మొగుడు. ఊరంతా ఆయన్ని చుక్కల మేష్టారంటుంది. నక్షత్రశాల ముందు హాల్లో పొడుగాటి గోడ ఒకటి బోడిగా ఉంటే, దాని మీద చంద్రుడి కళలన్నీ వరసగా బొమ్మలు పెట్టించాలనుకున్నారు. అమావాస్య నల్లపలకతో మొదలై, నెలవంక, అర్ధచంద్రుడు, పున్నమి, మళ్ళీ తరుగుతూ తరుగుతూ చివరి నెలవంక దాకా ఎనిమిది గుండ్రటి చెక్క పలకలు. "మా బావమరిది వేస్తాడు, పూచీ నాది," అన్నది మేష్టారే.

బొమ్మలాయనకి ఇది మామూలు పని కాదు. అంతవరకూ ఆయన వేసినవన్నీ కొట్ల బోర్డులు, సినిమా హాళ్ళ ముందు నిలువెత్తు మొహాలు. అచ్చు మిషన్లు వచ్చి ఆ పని కాస్తా ఊడ్చుకుపోయాయి. వేసిన బొమ్మలన్నీ వానకి కారిపోయాయి, లేదా వాటి మీద ఇంకెవరో ఇంకేదో వేశారు. నలుగురూ ఆగి చూసే చోట, కింద తన పేరుతో, తన చేతి బొమ్మ ఒక్కటైనా నిలవాలని ఆయన కోరిక. ఇది చెడితే మరొకటి రాదని ఆయనకి బాగా తెలుసు.

ఇక బావా బావమరుదుల సంగతి చెప్పాలి. ఒకరంటే ఒకరికి ప్రాణం. అది ఒకరి ముందు ఒకరు ఒప్పుకుంటే మాత్రం తల తీసేసినట్టే. ఎప్పుడో కుర్రతనంలో బొమ్మలాయన ఓ పరుపుల కొట్టుకి బోర్డు వేశాడు. ఒక మూల సూర్యుడు కుంగుతుంటాడు, పైన నెలవంక, కింద పరుపు మీద ఓ మనిషి హాయిగా నిద్రపోతుంటాడు. ఊరంతా మెచ్చుకుంది. మేష్టారు సైకిలు దిగి, బోర్డు కేసి చూసి చూసి, "సూర్యుడు ఇటుంటే చంద్రుడికి వెలుగు అటు పక్కనుందేమిట్రా? నీ చంద్రుడికి వేరే సూర్యుడున్నాడా?" అన్నాడు.

"పరుపు కొనేవాడు సూర్యుణ్ణి చూస్తాడా బావా?"

"చూడడు. అబద్ధం మీద పడుకుంటాడు."

ఆ రోజు నుంచి ఈయన ఏ చంద్రుణ్ణి వేసినా ఆయన తప్పు పట్టాల్సిందే. ఒక్కసారంటే ఒక్కసారి 'బాగుంది' అన్న పాపాన పోలేదు. బొమ్మలాయన కూడా ఊరుకునే రకం కాదు. "చంద్రుడంటే వట్టి రాయి, బొగ్గులాంటి రాయి అంటావు. ఆ బొగ్గుని చూసి ఎవడన్నా పాట కడతాడా? నీకు మిగిలింది లెక్క, నాకు దక్కింది వెన్నెల," అనేవాడు. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరికిద్దరూ.

ఈ పలకల పని ఒప్పుకున్నాక మేష్టారు ముందే షరతు పెట్టాడు. "చంద్రుడు ఎందుకలా మారతాడో తెలుసుకుని మరీ వెయ్యాలి." ఓ మధ్యాహ్నం తనే వచ్చి, బొమ్మలాయన రంగుల షెడ్డు కిటికీలకి గోనెపట్టాలు కట్టి, ఒక్క బల్బు వెలిగించి, పుల్లకి గుచ్చిన బంతి ఒకటి బావమరిది చేతికిచ్చాడు.

"బల్బు సూర్యుడు. బంతి చంద్రుడు. నీ బుర్ర భూమి."

"నా బుర్రే దొరికిందా నీకు?"

"అదైతే గుండ్రంగా ఉంది, లోపల ఎవరూ ఉండరు. చెయ్యి చాపి బల్బు వైపు పట్టుకో. ఇప్పుడు ఎడమకి తిరుగు. నెమ్మదిగా. ఇంకా తిరుగు."

బొమ్మలాయన తిరిగాడు. నల్లగా ఉన్న బంతికి కుడి అంచున సన్నటి వెలుగు పుట్టింది. ఇంకా తిరిగితే లావెక్కింది. బల్బుకి వీపు పెట్టి, బంతిని తలకంటే ఎత్తి పట్టుకునేసరికి బంతి మొత్తం వెలుగే. ఇంకా తిరిగితే కుడి పక్క నుంచి నలుపెక్కుతూ, చివరికి ఎడమ అంచున ఓ వంక మిగిలింది. ఇన్నాళ్ళూ భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని ఆయన అనుకున్నాడు. ఆ మాటంటే, అది గ్రహణంరా మొద్దూ అన్నాడు మేష్టారు.

"అంటే వీడు ఎప్పుడూ సగం వెలుగుతూనే ఉంటాడా?"

"ఎప్పుడూ సగం వెలుగే. తగ్గేదీ లేదు, పెరిగేదీ లేదు. మనకి కనపడే వాటా మారుతుంది, అంతే. ఇంకో చిత్రం విను. భూమికి అడుగునున్న దేశాల వాళ్ళు మన లెక్కన తలకిందులుగా నిలబడినట్టు. వాళ్ళకి ఇదే చంద్రుడు తిరగబడి కనిపిస్తాడు. మనకి ఎడమనున్న వంక వాళ్ళకి కుడి పక్కన."

"తలకిందుల చంద్రుడా!" అని బొమ్మలాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వాడు గాని, బంతి వదలకుండా సాయంత్రం దాకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. వెన్నెల వెనక ఇంత సంగతుందని తెలిసినందుకు ఆయనకి వెన్నెల ఏమీ తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. అది బావకి చెప్పలేదనుకోండి.

పలకలన్నిటికీ నలుపు పూశాడు. మొదటి నెలవంక వేశాడు, అర్ధచంద్రుణ్ణి వేశాడు. మర్నాడు పొద్దున లేవగానే తల తిరిగింది. కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కింది, తగ్గింది. "ఎండ తగిలిందేమో," అనుకుని, ఓ చెంబుడు నీళ్ళు తాగి మళ్ళీ పనిలో దిగాడు. భార్యకి చెబితే ఆస్పత్రంటుందని చెప్పలేదు. మగవాళ్ళ తెలివితేటలు ఇలాగే ఏడుస్తాయి.

ఆ తర్వాతే గుమ్మం, పళ్ళెం, గడ్డం.

మిగతా పలకలు ఎన్నడూ లేనంత హుషారుగా వేసేశాడు. పున్నమి వేసిన రోజైతే తన బొమ్మని తనే చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. స్పాంజీతో అద్దిన గోతులు, బూడిద రంగు మైదానాలు, అంచున పాలలాంటి తెలుపు. బావకి కబురుపెట్టాడు.

మేష్టారొచ్చి పలకల ముందు నిలబడ్డాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"పున్నమి ఏదిరా?"

"ఎదురుగా పెట్టుకుని అడుగుతావేం బావా?"

"ఇది సగమే. అర్ధచంద్రుడు. అంతకుముందుదీ అర్ధచంద్రుడే. ఇదేమో చీలిక. ఈ చివరి రెండూ శుద్ధ నలుపు. తరిగే అర్ధచంద్రుడేడీ? ఆఖరి నెలవంకేదీ?"

బొమ్మలాయన పలకల కేసి చూశాడు. పున్నమి నిండుగా ఉంది. చివరి నెలవంక వేసిన గుర్తుంది, చేతికింకా రంగుంది. ఈయనకేమైంది? కళ్ళజోడు మార్చాలేమో. "బావా, నన్ను ఆటపట్టించడానికి ఇదా సమయం?"

"ఆట పట్టిస్తున్నది నువ్వు. చిన్నపిల్లల్ని ఈ గోడ ముందు నిలబెట్టి చంద్రుడంటే ఇదని చెప్పాల్సింది నేను. అబద్ధం ఎలా చెప్పమంటావు? నీకు నా మీద కసుంటే నా మీద తీర్చుకో, చంద్రుడి మీద కాదు," అని మేష్టారు విసురుగా వెళ్ళిపోయాడు.

బొమ్మలాయన తల గోక్కున్నాడు. ఉన్నదాన్ని లేదంటే ఏమని వాదించేది?

మర్నాడు మేష్టారే మెత్తబడ్డాడు. టీ గ్లాసు పట్టుకుని షెడ్డుకొచ్చి, బావమరిది ఎడమ పక్కన నిలబడి, మాట్లాడకుండా గ్లాసు చాపాడు. బావమరిది తీసుకోలేదు. తల తిప్పలేదు. ఎదురుగా గోడని చూస్తూ ఈల వేసుకుంటున్నాడు. మేష్టారి మొహం మాడిపోయింది. గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చిన దారినే పోయాడు. ఈ పక్క బొమ్మలాయన భార్యతో అన్నదేమిటో వినండి: "టీ వాసన వచ్చిందే గాని టీ రాలేదు. బావ కూడా రాలేదు. అంత కోపమేమిటే ఆయనకి?"

ఆవిడ బల్ల మీద చల్లారిన గ్లాసు చూసింది, మొగుణ్ణి చూసింది. అర్థం కాలేదు. "విదియ నాడు కనపడకపోతే తదియ నాడు తనే కనపడతాడు లెండి," అని ఊరుకుంది. లోపల మాత్రం ఏదో బెంగ మొదలైంది.

నక్షత్రశాల పెద్దమేడం వచ్చి చూసినప్పుడు ఇంకో వింత జరిగింది. ఆవిడ పలకల ముందు చేతులు జోడించినంత పని చేసింది. "ఏం ఊహండీ! సగం మీరు వేశారు, సగం చూసేవాళ్ళ మనసుకి వదిలేశారు. ఆ చివరి నలుపులైతే... మాటల్లేవు!"

"నేను పూర్తిగానే వేశానమ్మా."

"కళాకారులెప్పుడూ ఇలాగే అంటారు," అని ఆవిడ మురిసిపోయింది.

ఇదేం పొగడ్తో ఆయనకి బోధపడలేదు. తిట్టినవాడు సగం లేదని తిడతాడు, మెచ్చుకున్నావిడ సగం లేదని మెచ్చుకుంటుంది. మరి తన కళ్ళకి నిండుగా కనపడుతున్నదేమిటి? ఆ రాత్రి కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి పలకల్ని చేత్తో తడిమాడు. చేతికి రంగు గరుకు తగిలింది. కుడి చేత్తో తడిమాడు, కుడి పక్కే తడిమాడు. ఉంది కదా అనుకుని పడుకున్నాడు.

మేడం మెచ్చింది, మేష్టారు ఒప్పుకోలేదు. సరే, ముందు గోడకెక్కించి చూద్దామన్నారు. వడ్రంగి నిచ్చెన వేసుకుని పలకలు తగిలిస్తున్నాడు. బొమ్మలాయన, భార్య, మేడం ఓ పక్కన. మేష్టారు ఇంకో చివర చేతులు కట్టుకుని, ఎడమొహం పెడమొహంగా. గుండ్రటి పలకకి పైనేది కిందేది? వడ్రంగి పున్నమి పలకని తలకిందులుగా తగిలించేశాడు.

బొమ్మలాయన పెట్టిన కేకకి వడ్రంగి నిచ్చెన మీంచి పడబోయాడు.

"ఎవడ్రా చెరిపింది? నా పున్నమిని ఎవడు చెరిపాడు?"

"నేనేం చెరపలేదండీ బాబూ! తగిలించానంతే!"

"అంతా నలుపేగా అక్కడ! బావా, నువ్వేనా? ఒప్పుకోకపోతే ఒప్పుకోకపో, నలుపు పూసేస్తావా? ఇంత పగేమిటి నీకు?"   పిల్లవాడి చేతిలో బొమ్మ లాక్కుంటే ఏడ్చినట్టు ఏడ్చాడు, అందరి ముందూ, సిగ్గు లేకుండా.

మేష్టారు మొదట మండిపడ్డాడు. ఏదో అనబోయాడు. అంతలో పలక కేసి చూశాడు. బావమరిది వేసిన సగం అక్కడే ఉంది, ఎడమ పక్కకి వచ్చింది, అంతే. ఆయన కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వడ్రంగిని దింపి, తనే నిచ్చెనెక్కి పలకని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడుంది. నిండు పున్నమి."

మళ్ళీ తలకిందులు చేశాడు. "ఇప్పుడు?"

"మళ్ళీ పోయింది! ఏం గారడీ బావా ఇది? నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నావా?"

మేష్టారు నిచ్చెన దిగాడు.  వచ్చి బావమరిదికి ఎడమ పక్కన, చెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. "నేనెక్కడున్నాన్రా?"

బొమ్మలాయన ముందుకి చూశాడు. కుడికి చూశాడు. వెనక్కి తిరిగి మళ్ళీ కుడికే చూశాడు. "ఇప్పుడే ఇక్కడున్నావు. ఎటు పోయావు బావా? మాట వినపడుతోంది, మనిషివి కనపడవేం?"

"అయ్యో తమ్ముడూ," అన్నాడు మేష్టారు. ఎన్నడూ ఆ మాటతో పిలవని మనిషి. టీ గ్లాసు సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది. భార్యకి పళ్ళెం సంగతి, గడ్డం సంగతి, అన్నీ ఒక్కసారి అర్థమై, నోట్లో కొంగు కుక్కుకుంది. "అన్నయ్యగారూ, ఆస్పత్రికి," అంది. అర్థం కానిది బొమ్మలాయన ఒక్కడికే.

డాక్టరు మంచివాడు, నిదానంగా చెప్పాడు. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. తల తిరిగిన రోజున మెదడులో కుడి పక్కన చిన్న రక్తనాళం మూసుకుపోయింది. దాంతో ఎడమ పక్క అనేది ఒకటుందన్న ధ్యాసే పోయింది. "కనపడకపోవడం వేరండీ. అలాంటివాళ్ళు వెతుక్కుంటారు. మీకు అక్కడ ఏదో ఉందని గుర్తుకే రాదు, అందుకని వెతకరు."

"నాకు లోటేం తెలియడం లేదు డాక్టరుగారూ. అంతా నిండుగానే ఉంది."

"అదే జబ్బు."

"మరి లేనిది లేదని నాకెలా తెలిసేది?"

డాక్టరు మందులిచ్చాడు. మెల్లగా కొంత తిరిగి రావచ్చన్నాడు. ప్రతిదానికీ తలని ఎడమకి తిప్పి వెతకడం అలవాటు చేసుకోవాలన్నాడు. అటు చూపు మళ్ళాలని భార్య ఆయన ఎడమ చేతికి ఎర్ర రిబ్బను కట్టింది. కసరత్తు చేయించే అమ్మాయి రోజూ వచ్చి "ఎడమకి చూడండి, ఇంకా ఎడమకి," అని ప్రాణం తీసేది. ఆయన కాస్త తిప్పి, "ఇదే చివర," అని ఆగిపోయేవాడు. ఆ చివరికి అవతల ఇంకా సగం ప్రపంచం ఉందంటే మాట వరసకి ఒప్పుకునేవాడే గాని, మనసుకి ఎక్కేది కాదు.

కుంచె మాత్రం ముట్టుకోలేదు. పలకల్ని షెడ్డుకి తెప్పించి, గోడ వైపు తిప్పి పెట్టించాడు. భార్య "బాగానే ఉన్నాయండీ" అంటే ఒళ్ళు మండింది. మేడం కబురు పెట్టింది, ఉన్నవి ఉన్నట్టే పెడతామని. ఆ దయ అంతకంటే మండింది. "అందరూ బాగుందంటారు. ఎవరి మాట నమ్మను? నా కళ్ళే నాకు అబద్ధం చెప్పాయి. నా పని అయిపోయిందే," అన్నాడు భార్యతో. చెయ్యి బాగుండి, కళ్ళు బాగుండి, బొమ్మలు వేయలేని బొమ్మలాయన! ఏమని బతకాలో ఆయనకి తెలియలేదు.

ఓ పొద్దున మేష్టారు షెడ్డు తలుపు తన్నుకుని వచ్చాడు. ఈసారి జాగ్రత్తగా కుడి పక్కనే నిలబడ్డాడు.

"లేవరా. రంగులు కలుపు."

"ఎగతాళా?"

"నేను ఎగతాళి చేస్తే నీకు తెలుస్తుందిలే. భూమి అడుగునున్న దేశాల సంగతి చెప్పాను, గుర్తుందా?"

"తలకిందుల చంద్రుడు."

"ఎడమా కుడీ మనకిరా, చంద్రుడికి కాదు. మనకి ఎడమనున్న వంక వాళ్ళకి కుడి పక్కనుంటుంది. చంద్రుడు మాత్రం ఒకడే." మేష్టారు పున్నమి పలకని తీసి, తలకిందులు చేసి, బల్ల మీద నిలబెట్టాడు. "ఇప్పుడేం కనపడుతోంది?"

బొమ్మలాయన పలక కేసి వంగాడు. "నలుపు. ఖాళీ."

"ఆ ఖాళీ వెయ్యి."

"గోతులన్నీ తిరగబడి ఉంటాయిగా. నాకెలా తెలుస్తుంది?"

"చంద్రుడి ఫోటో తెచ్చాను, అదీ తిప్పి పెడతాను. ఈ కాసేపూ అడుగు దేశంలో ఉన్నాననుకో." ఆయన జేబులోంచి ఫోటో తీసి, తలకిందులుగా, కుడి పక్కన గోడకి గుచ్చాడు. బొమ్మలాయన ఎర్ర రిబ్బను కట్టిన చేతిని చూసుకున్నాడు, కుడి చేతిని చూసుకున్నాడు. కుంచె తీశాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుందని భార్య గుమ్మంలో నిలబడి అనుకుంది. కాని బొమ్మ సాగింది. పున్నమీ దాని ముందు పలకా సాగాయి, తరిగే చంద్రులు సాగారు, ఆఖరి నెలవంక కుడి పక్కన సన్నగా పుట్టి, పలక తిప్పగానే ఎడమకి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో ఆయనకి తెలియలేదు. వేసిన ప్రతిదీ పలక తిప్పగానే మాయం. ఉందో లేదో తనకి తెలియని బొమ్మ వేయడమంత అయోమయం ఇంకోటుండదు. సగానికీ సగానికీ అతుకు కుదిరిందా? తెలుపు ఎక్కువైందా? "ఎలా ఉంది బావా?" అని పలక పలకకీ అడిగాడు. మేష్టారు "గోడకెక్కాక చెప్తాను," అన్నాడంతే.

గోడకెక్కింది. తలుపులు తెరిచిన రోజున హాలంతా జనం. పిల్లలు పలక పలక దగ్గరా ఆగి పేర్లు చదువుతున్నారు. వచ్చినవాళ్ళంతా బొమ్మలాయన చెయ్యి పట్టుకుని బాగుందన్నారు. భార్య బాగుందంది. మేడం ఇప్పుడు ఇలాగే బాగుందంది. అప్పుడు అలా బాగున్నది ఇప్పుడిలా ఎలా బాగుందో ఆయన అడగలేదు. పున్నమి ముందు నిలబడ్డాడు. ఆయనకి కనపడేది నిండు పున్నమి. ఆనాడు సగమే ఉన్నప్పుడూ ఇంత నిండుగానే కనపడింది. ఇక దీన్ని చూసి సంతోషించడం ఎలా?  వీళ్ళంతా జాలిపడి అంటున్నారా? అవతల నిజంగా చంద్రుడున్నాడా, తనేదో గీతలు గీస్తే సర్దుకుపోతున్నారా?

"బావా," అన్నాడు గాల్లోకి.

"ఊఁ." గొంతు దగ్గరలోనే వినిపించింది.

"నువ్వు చెప్పు. ఒట్టు. జాలి వద్దు."

మేష్టారు గొంతు సవరించుకుని, పరుపుల కొట్టు ముందు సైకిలు దిగిన నాటి గొంతుతో అన్నాడు: "ఎడమ అంచున ఓ గొయ్యి ఎక్కువేశావు. చంద్రుడిలో అలాంటిది లేదు."

బొమ్మలాయనకి ఒళ్ళంతా భగ్గుమంది. "ఎక్కువా? ఎక్కడ?"

"ఎడమకి తిరుగు."

"తిరిగాను. ఏదీ?"

"ఇంకా తిరుగు."

"లేదు బావా! ఫోటో చూసి చూసి వేశాను. నువ్వు కావాలనే..."

"ఇంకా తిరగరా మొద్దూ!"

ఎవరు అడిగినా తిరగని మెడ, కసరత్తుల అమ్మాయి మెత్తగా వేడుకున్నా తిరగని మెడ, తగువు కోసం తిరిగింది. ఇదే చివర అనుకున్న చోటు దాటింది, ఇంకా తిరిగింది. ఒక మైదానం వచ్చింది. దాని పక్కన ఇంకోటి. తన చేతి తెలుపు, తన స్పాంజీ అద్దకం. నడుమ అతుకు కనపడలేదు. గుండ్రటి అంచు చివరికంటా వచ్చి మూసుకుంది. అక్కడ, అంచున, చిటికెన వేలి గోరంత గొయ్యి ఒకటుంది. దానికి అవతల, గోడకి ఆనుకుని, బావ ఉన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

బొమ్మలాయన గొయ్యినీ బావనీ మార్చి మార్చి చూశాడు. కళ్ళు పక్కకి తిప్పితే రెండూ పోతాయేమోనని భయపడి, అలాగే మెడ బిగబట్టుకుని నిలబడ్డాడు.

"నిజమే బావా. ఎక్కువే వేశాను," అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. "చెరిపెయ్యమంటావా?"

"వద్దు," అన్నాడు మేష్టారు. "ఉండనీ. రేపు మళ్ళీ చూద్దువుగాని."